నాణెపు విలువ

నాణేనికి విలువ కట్టడం తేలికైన పనిగా తోస్తుంది. దాని ముఖంపై అంకె ఉండనే ఉంది కదా అని ఎవరైనా అంటారు. కాని అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున ఖడ్గమృగం బొమ్మగల పావలా ఒకటి దొరికినప్పుడు ఆ అంకె సమాధానం చెప్పదు.

విలువ తెలుసుకోదలచినవారు మొదట చట్టాన్ని ఆశ్రయించాలి. 25 పైసలు, అంతకు తక్కువ నాణేల చెలామణి 2011 జూన్ 30 నుండి రద్దయింది. కనుక ఆ పావలాకు నేడు ముఖవిలువ లేదు. అర్ధరూపాయి మాత్రం అంగళ్లలో కనిపించకపోయినా చట్టరీత్యా చెల్లుతుంది. పది రూపాయల నాణెం సంగతి మరీ విచిత్రమైనది. చట్టం ఒప్పుకొన్నా పలువురు వర్తకులు దానిని పుచ్చుకోలేదు. 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చింది. ముఖవిలువకు చట్టంతోపాటు జనవిశ్వాసం కూడా ఆధారమన్నమాట.

రెండవది లోహవిలువ. 1992 నుండి వెలువడిన పాత అయిదు రూపాయల నాణెం బరువు 9 గ్రాములు. అందులో నూటికి 75 పాళ్లు రాగి, 25 పాళ్లు నికెల్, అనగా 6.75 గ్రాముల రాగి, 2.25 గ్రాముల నికెల్. రాగి కిలో 800 రూపాయలు, నికెల్ కిలో 1500 రూపాయలు అనుకుందాం. అప్పుడు రాగి 5.40, నికెల్ 3.38, మొత్తం సుమారు 8.78 రూపాయలు. ముఖవిలువ కంటే లోహం ఖరీదు ఎక్కువైంది! అయితే ఈ లాభం కాగితంపైనే ఉంటుంది. చెలామణిలోని నాణేన్ని కరిగించడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. శిక్ష ఏడేళ్ల దాకా కారాగారం. పావలాది స్టెయిన్‌లెస్ స్టీలు, బరువు 2.83 గ్రాములే. దాని లోహం విలువ కొద్ది పైసలే.

ఇక మిగిలింది సేకరణ విలువ. ఇక్కడ సంవత్సరం, దాని కింది టంకశాల గుర్తు, నాణెం స్థితి ముఖ్యం. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకృతి ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకుంటే కోల్‌కతా. తక్కువగా ముద్రితమైనవీ, ముద్రణదోషం గలవీ, చేతులు మారని కొత్తవీ ధర పలుకుతాయి. ఇత్తడి చెంబును తోమినట్లు నాణేన్ని చింతపండుతో తోమితే మెరుపు వస్తుంది, ధర పోతుంది. ఖడ్గమృగం పావలా 1988 నుండి ఏళ్ల తరబడి విరివిగా ముద్రితమైంది. అరిగిన నాణేనికి సేకర్త ఇచ్చేది స్వల్పమే.

అయినా, వైష్ణోదేవి బొమ్మగల అయిదు రూపాయల నాణేనికి లక్షలు వస్తాయనే ప్రకటనలు అమాయకులను ఆకర్షిస్తూనే ఉన్నాయి. అది 2012 సంవత్సరం గల స్మారక నాణెం; పెద్దసంఖ్యలో చెలామణిలోకి వచ్చినదే. ప్రకటనలో కోరిన ధర వేరు, వేలంలో నిజంగా చెల్లిన ధర వేరు. మోసగాళ్లు ముందుగా రుసుము, పన్ను, కమీషను పేరిట అమ్మేవారి నుండే సొమ్ము గుంజుతారు. ఇందుకు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, అందుకు ఏ రుసుమూ కోరననీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది.