ఒక్క అక్షరం, నాలుగు రకాల మెషీన్లు

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను పడగొట్టింది. కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు దాని మధ్యలో ఇరుక్కుని వస్తే చాలు, మెసేజ్ తెరవగానే యాప్ మూతపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఫోనుతో పాటు మ్యాక్, వాచ్, టీవీలకూ అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. అక్షరాలు పేర్చే లైబ్రరీ అన్నిట్లో ఉన్నది ఒకటే మరి, ఒక్కో మెషీన్‌కు వేరుగా కంపైల్ చేశారంతే.

ఆ కంపైల్ చేయించే పని చూసేవాళ్లే బిల్డ్ ఇంజినీర్లు. ఫుల్‌స్టాక్ కోర్సుల వెంట పరుగెత్తే మన పిల్లలు ఇటు చూడరు.

ఇబ్రహీంపట్నం వాళ్లకు ఈ పనిని వివరించడం తేలిక. వాళ్ల ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రంలో కరెంటు తయారవుతుంది, ఫ్యాన్ తిరిగేది ఇంకెక్కడో. క్రాస్ కంపైలింగూ అంతే. మీ ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద తయారైన ఫైలు ఆర్మ్ ఫోన్‌లో నడవాలి.

సాధనకు ఐసీయూ లైబ్రరీ తీసుకోండి. తేదీలు, అకారాది క్రమం లాంటి భాషా పనులన్నీ చూసేది ఇదే. నేరుగా ఫోన్‌కని బిల్డ్ చేయబోతే మొదట్లోనే ఆగుతుంది. కారణం తమాషాగా ఉంటుంది: తన డేటా ఫైళ్లు తయారుచేసుకునే పనిముట్లను కూడా అది అప్పటికప్పుడే కంపైల్ చేసుకుంటుంది. అవి ఫోన్ కోసం తయారైతే ల్యాప్‌టాప్‌లో ఎలా నడుస్తాయి? ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని మొరాయిస్తాయి. అందుకే ముందు ల్యాప్‌టాప్ కోసం ఒకసారి బిల్డ్ చేసి, ఆ ఫోల్డర్ దారిని ‘విత్ క్రాస్ బిల్డ్’ ఆప్షన్‌లో ఇచ్చి, రెండోసారి ఫోన్ కోసం చేయాలి. ఇది చేత్తో చేసినవాళ్లకు తయారుచేసే బిల్డ్ మెషీన్ ఏది, నడిపే హోస్ట్ ఏది అన్న తేడా ఇక మరపురాదు. ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది అక్కడే.

తర్వాత హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో వత్తులూ గుణింతాలూ కుదిర్చేది ఇదే. దీన్ని బిల్డ్ చేసే సాధనం మెసాన్‌కు ఒక క్రాస్ ఫైల్ రాసివ్వాలి: కంపైలర్ ఎక్కడుంది, ప్రాసెసర్ ఏది, సిస్టమ్ ఏది. పది పన్నెండు లైన్లు, అంతే. సీమేక్ అనే మరో బిల్డ్ సాధనంలో ఇలాంటిదాన్నే టూల్‌చైన్ ఫైల్ అంటారు. ఆండ్రాయిడ్ ఎన్‌డీకేతో పాటే అది సిద్ధంగా వస్తుంది. 64 బిట్ రకం మర్చిపోకండి, 2019 ఆగస్టు నుంచి ప్లే స్టోర్ దాన్ని తప్పనిసరి చేసింది.

ఈ పని తెలిసినవాళ్లు మొబైల్, ఆటోమొబైల్, ఎంబెడెడ్ కంపెనీలన్నిటికీ కావాలి. సర్టిఫికెట్ కంటే గిట్‌హబ్‌లో పచ్చ టిక్కు పడిన బిల్డు గట్టి సాక్ష్యం. 18 నిండితే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కూ ప్రయత్నించొచ్చు. 2022 నుంచి కాలేజీలో చదువుతూనే ఉండాలన్న షరతు లేదు.

చివరగా ముప్ఫై లైన్ల సీ ప్రోగ్రాం ఒకటి రాయండి. ఒకే తెలుగు ఫాంటుతో ‘జ్ఞా’ను హార్ఫ్‌బజ్‌కు అందించి గ్లిఫ్ నంబర్లు ప్రింట్ చేయించండి. ల్యాప్‌టాప్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి. రెండు చోట్లా అవే నంబర్లు రావాలి.