మగ్గంలో మార్పు, పేటెంట్ హక్కు

భివండీ మరమగ్గాల షెడ్డుల్లో చిన్న చిన్న మార్పులు నిత్యకృత్యం. నాడె దారి తప్పుతుంటే ఒక మేస్త్రీ దాని పెట్టెను సవరిస్తాడు. పోగు తెగిన వెంటనే మగ్గం ఆగే ఏర్పాటును మరొకరు మెరుగుపరుస్తారు. వీటిలో ఏది పేటెంట్‌కు అర్హం, ఏది అందరి సొత్తు అన్న ప్రశ్నపై ఒక్కొక్కసారి చిన్న వర్క్‌షాపు బ్రతుకే ఆధారపడి ఉంటుంది.

1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం వస్తువు కొత్తదైతే చాలదు. అది అంతవరకు తెలిసినదానికంటే సాంకేతికంగా ముందడుగైనా కావాలి, ఆర్థిక ప్రాముఖ్యమైనా కలిగి ఉండాలి. అంతేకాక, ఆ పనిలో నైపుణ్యం గలవారికి తేలికగా తట్టేది కాకూడదు. వాహనంలో బ్రేకు నూనె నిల్వచేసే డబ్బాకైనా, మగ్గపు విడిభాగానికైనా కొలమానం ఇదే.

ఈ విషయంలో నేటికీ ప్రమాణంగా నిలిచిన తీర్పు మీర్జాపూర్ పాత్రల తయారీకి సంబంధించినది. లేత్ మిషన్‌పై పాత్రను బిగించి పట్టే విధానానికి 1951లో లభించిన పేటెంట్‌ను ఆధారం చేసుకొని ఒక సంస్థ మరొక సంస్థపై దావా వేసింది. 1978 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదని తేల్చింది. ఎన్నడో తెలిసిన పద్ధతిని స్వల్పమార్పుతో వాడుకోవడం వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదలే తప్ప ఆవిష్కరణ కాదని పేర్కొన్నది. పేటెంట్ మంజూరైనంత మాత్రాన అది చెల్లుతుందన్న హామీ లేదని కూడా స్పష్టం చేసింది.

దీనికి పక్కన ఉంచి చూడదగినది ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు ఆడించాలి. ఆ కదలిక తరతరాలుగా అందరికీ తెలిసినదే. దానిని యంత్రంతో చేయించే ఉపాయం మాత్రం ఆయనకు ఏళ్ల శ్రమతోగాని దొరకలేదు. 1999లో యంత్రం పూర్తయింది. 2011లో పేటెంట్ లభించింది. అవసరం అందరికీ తెలిసినదైనా, దాన్ని తీర్చే మార్గం తేలికగా తట్టనిది కావచ్చు. చూసిన తరువాత “ఇంతేనా” అనిపించడం కొలమానం కాదు. దరఖాస్తు నాటికి నిపుణుడికి తట్టేదా అన్నదే ప్రశ్న.

దరఖాస్తు ప్రచురితమైన తరువాత, పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా వ్యతిరేకత తెలుపవచ్చు. మంజూరు ప్రకటన వెలువడిన ఏడాదిలోగా ఆ విషయంతో సంబంధమున్నవారు అభ్యంతరం దాఖలు చేయవచ్చు. హక్కుభంగం కింద దావా పడినా ఇదే కారణాన్ని ప్రతివాదంగా చూపవచ్చు.

కాబట్టి నోటీసు అందినవారు భయపడి షెడ్డు మూయనక్కరలేదు. ఆ పద్ధతి ముందే వాడుకలో ఉన్నదని తెలిపే పాత బిల్లులు, తేదీ గల ఛాయాచిత్రాలు, కేటలాగులు వెదికి న్యాయవాదిని సంప్రదించాలి. కొత్తది కనుగొన్నవారు బహిరంగంగా చూపకముందే, అమ్మకముందే ముంబయి పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. మేస్త్రీల అనుభవమే కొలమానమైన చోట, ఆ అనుభవానికి కాగితం మీద సాక్ష్యం ఉండడం అవసరం.