కూడలిలో లెక్కల ప్రొఫెసర్

కోల్‌కతా సాల్ట్ లేక్ సెక్టార్ 5లో ఐటీ ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలకు అక్కడి 'ఐలాండ్లు' బాగా తెలుసు. రోడ్లు కలిసేచోట మధ్యలో ఉండే గుండ్రటి దిమ్మెలకు ఆ ఊళ్లో అదే పేరు. యుగోస్లావియా ఆర్కిటెక్ట్ తోష్కోవిచ్ ప్లాను గీసిన ఊరది. ఏ బండి ఆగాలి, ఏది ముందు కదలాలి అన్నది అక్కడ పోలీసు చేతిలోనే కాదు, లెక్కలోనూ ఉంది.

"ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తే పాఠాలు చెప్పుకోవడమేగా?" అని అడుగుతుంటారు. చెప్పుకోండి. లెక్కను మాత్రం క్లాసురూము దాటించండి. రోడ్డు భద్రతకు అది చాలా అవసరం.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద బండి సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. 80లో అయితే 18 కాదు, 36. ఆగే దూరం వేగపు వర్గంతో పెరుగుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో రాసి మార్కులు కొట్టినవాళ్లే బైకెక్కగానే మరిచిపోతారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో 50,029 మందికి తలమీద హెల్మెట్ లేదు.

బెంగాల్ ప్రభుత్వం 2016లో 'సేఫ్ డ్రైవ్, సేవ్ లైఫ్' ప్రచారం మొదలుపెట్టింది. నినాదం మంచిదే. కానీ ప్లకార్డు పట్టుకునేవాళ్లకు కొరత లేదు, లెక్క చూసేవాళ్లకే కొరత. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు జరిగినా, పదిమంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ఆ ఐదూ రోడ్డు తప్పా, యాదృచ్ఛికమా? ఒక ఏడాది ప్రమాదాలు మరీ పెరిగిన కూడలిలో ఏమీ చేయకపోయినా మరుసటేడు తగ్గవచ్చు. ఆ తగ్గుదలను కొత్త స్పీడ్ బ్రేకర్ ఖాతాలో వేయబోయే అధికారిని "ఆగండి సార్" అనగలిగేది సంభావ్యత తెలిసినవాడే.

లెక్కల ప్రొఫెసర్ అయ్యే దారి మామూలుదే. డిగ్రీ, జామ్ రాసి ఎమ్మెస్సీ, ఆపైన నెట్ లేదా సెట్. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలు. యూనివర్సిటీలో ఈ పోస్టుకు కూడా 2023 నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. పరిశోధన వైపు మనసుంటే ఐఐటీ ఢిల్లీలో రవాణా, గాయాల నివారణ మీద పనిచేసే కేంద్రం ఉంది. ప్రమాదాల వివరాలు ఒకచోట చేర్చే ఐరాడ్ డేటాబేస్‌ను ఐఐటీ మద్రాస్ తయారుచేసింది. కోడింగ్ వచ్చిన గణితం వాళ్లకు ఇలాంటి పనే సరైనది.

ఉద్యోగం రాలేదని కుంగిపోయేవాళ్లు గణాంక శాస్త్రవేత్త సీ.ఆర్.రావు గారిని తలచుకోవాలి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దక్కలేదు. అక్కడ తారసపడిన ఒకాయన మాటతో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కి, 1941లో చేరారు. నాలుగేళ్లకే క్రామర్-రావు సిద్ధాంతపు పేపరు వచ్చింది.

నెట్ ఫారం నింపేలోపు ఒక పని చేయండి. మీ కాలేజీ గేటు ముందు గంటసేపు నిలబడి, హెల్మెట్ లేకుండా వెళ్లేవాళ్లను లెక్కపెట్టండి. వెనక కూర్చున్నవాళ్లనీ కలపండి. ఆ 50,029లో 14,337 మంది వాళ్లే.