మేక పేరుగల కొండగొఱ్ఱె

దొడ్డబళ్ళాపురము నుండి ఊటీకి, మున్నారుకు విహారమునకు పోయివచ్చిన పిల్లలు అక్కడి రాతిచరియలపై నిలిచియుండు జంతువును చూచి "కొండమేక" అని చెప్పుదురు. ఆ మాట పూర్తిగా సరికాదు. దీనిని ఇంగ్లీషున నీలగిరి తార్ అందురు. తమిళులు వరైయాడు అందురు. వరై అనగా కొండచరియ. ఆడు అనగా మేకయు, గొఱ్ఱెయు గూడ. ఈ జీవి విషయమున తమిళుల మాటయే నయము! చాలకాలము దీనిని హిమాలయములలోని తార్‌తో ఒకే ప్రజాతిగా లెక్కించిరి. 2005లో జన్యుపరీక్ష చేసిన శాస్త్రజ్ఞులు ఇది గొఱ్ఱెలకే దగ్గర చుట్టమని తేల్చి, నీలగిరిట్రాగస్ అను వేరు ప్రజాతి నేర్పరచిరి. తమిళనాడు, కేరళ పడమటి కనుమలలో తప్ప ఇది మరెక్కడను స్వేచ్ఛగా బ్రతుకుట లేదు.

మున్నారు దగ్గరి ఎరవికుళము దీనికి పెద్ద ఆశ్రయము. ఒకప్పుడది తేయాకుతోటల దొరల వేటభూమి. 1971లో కేరళ ప్రభుత్వము దానిని వశపరచుకొని, 1975లో అభయారణ్యముగను, 1978లో జాతీయోద్యానముగను ప్రకటించినది. వైశాల్యము 97 చదరపు కిలోమీటర్లు. 2,695 మీటర్ల ఆనైముడి శిఖరము అందులోనిదే. ఏటా ఈనికకాలమున, ఫిబ్రవరి, మార్చి ప్రాంతములలో, టిక్కెట్ల రాబడి మానుకొని సందర్శకులను ఆపివేయుదురు. వ్యాపారస్థులమైన మనకు ఆ మానుకొనుట విలువ తెలియనిది కాదు.

మన పెద్దలు కటికవాని వద్ద మేకలను విడిపించి పింజ్రాపోలుకు పంపుదురు. ఈ జీవిని అట్లు కాపాడ వీలులేదు. పచ్చికలో మేయును, పులియో, చిరుతయో, అడవికుక్కలో వచ్చినచో చరియలకు పరుగెత్తును. మేతయు, చరియయు ప్రక్కప్రక్కనే యుండవలెను.

అట్టి పచ్చికను నీలగిరులలో "ఖాళీభూమి" యని తలచిరి. చెట్లు నాటుట పుణ్యమని మనమందరము నమ్మినవారమే గదా! అక్కడ యూకలిప్టసు, పైను, వాటిల్ చెట్లు విస్తారముగా నాటిరి. వాటిల్ బెరడు తోళ్ళు పదును చేయుటకు వాడుదురు. ఈ సంగతి మనవారు గమనింపదగినది. తుపాకి పేలనక్కరలేకయే అనేక కొండలపై మేత పోయినది.

2022లో తమిళనాడు ప్రభుత్వము తమ రాష్ట్రజంతువైన దీనికై సుమారు 25 కోట్ల రూపాయలతో ప్రత్యేక పథకము ప్రకటించినది. 2025లో రెండు రాష్ట్రములును కలిసి లెక్కింపగా మొత్తము 2,668 తేలినవి. కేరళలో 1,365, తమిళనాడులో 1,303. తమిళనాడులో అంతకు ముందటి యేటి లెక్క 1,031. పచ్చికను తిరిగి పెంచుటయు ఆ పథకములోని పనియే. అది తేలిక కాదు. వాటిల్ గింజలు ఏండ్లతరబడి మట్టిలో పడియుండి, చెట్టును నరికినచోట మరల మొలచుచున్నవి, ఏటేట పీకవలసియున్నది.