పత్యం పేరుతో పస్తులొద్దు

క్యాన్సర్ వచ్చినవారు చిక్కిపోతే "ఆ జబ్బు లక్షణమే అంత" అని మన ఊళ్లలో సరిపెట్టుకుంటాం. అందులో కొంతే నిజం. గడ్డ వల్ల ఒంట్లో కలిగే మార్పులతో ఆకలి మందగిస్తుంది, కండ కరుగుతుంది. మిగతాది మనం చేసేదే. జబ్బు తెలియగానే పత్యమని గుడ్డు, పప్పు, పాలు మాన్పించి గంజి మీద ఉంచుతాం. తిండి మానేస్తే గడ్డ ఎండిపోతుందన్న మాటకూ ఆధారం లేదు. గడ్డకంటే ముందు మనిషే ఎండిపోతాడు. అప్పుడు కీమోథెరపీకి తట్టుకోలేక మందు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సీ రావచ్చు.

ఎంత పెట్టాలి? ఒంటి బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు, 25 నుంచి 30 కేలరీలు కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులన్నమాట. ఇందుకు డబ్బా పొడులే కొనక్కర్లేదు. రెండు గుడ్లు 12 గ్రాములు, అర లీటరు పాలు 15, గుప్పెడు బుడ్డలు (50 గ్రాములు) 12, 50 గ్రాముల కందిపప్పు 11, 200 గ్రాముల జొన్నపిండి 20. కూడితే 70. అన్నీ మన ఇళ్లలో ఉండేవే. మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఉన్నా తినలేకపోవడమే అసలు కష్టం. మూడు పూటలా కంచం నిండా పెట్టి బలవంతం చేయకుండా, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టాలి. నోరు పూసినవారికి కారం, చింతపండు, మన దేవనకొండలో విరివిగా పండే టమాటా కూడా మంటే. జొన్నరొట్టెను పాలలో నానబెట్టి, బుడ్డలను మెత్తగా నూరి ఇవ్వాలి. కారం వేయని ఉగ్గాణి మెత్తగా ఉంటుంది, పుట్నాల పొడి కలిపితే బలం కూడా. వాంతి వచ్చేవారికి వేడి కూర వాసన పడదు, చల్లార్చి పెట్టాలి. మింగుడు పడనివారికి ముక్కు గొట్టం ద్వారా ఆహారమిస్తారు. గొట్టం పేరు వింటేనే ఇంటివారు భయపడతారు గానీ, ప్రాణం నిలిపేది అదే.

కీమో రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు, అప్పుడే వండిన తిండి ఇవ్వాలి. రోడ్డు మీద కోసిన పండ్లు, పచ్చి గుడ్డు వద్దు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు రోగి బరువు తూచి, తేదీతో నోటుబుక్కులో రాద్దాం. ఆరు నెలల్లో 5 శాతం మించి, అంటే 50 కిలోలకు రెండున్నర కిలోలకు మించి తగ్గితే, ఆ పుస్తకం తీసుకుని ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ముందుగా అదే చూపిద్దాం.