సూదికొన చెప్పిన ఒరిపిడి కథ

ఒక ఇటుక, కాస్త పురికొస, మీ బడి ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు తీసుకోండి. ఇటుకకు పురికొస కట్టి, వెడల్పు ముఖం బల్లను తాకేటట్లు పెట్టి త్రాసుతో మెల్లగా లాగండి. ఇటుక సాగుతున్నప్పుడు ముల్లు ఎంత చూపిందో రాసుకోండి. ఇప్పుడు అదే ఇటుకను సన్నని పక్కమీద నిలబెట్టి లాగండి. బల్లను తాకే వైశాల్యం తగ్గింది కనుక ఘర్షణ కూడా తగ్గాలి అనుకున్నారు కదూ? ముల్లు దాదాపు పాత అంకెనే చూపిస్తుంది!

ఫ్రాన్సు దేశస్థుడు అమాంటన్ 1699లోనే ఈ సంగతి ప్రకటించాడు. దీనికి సరైన కారణం తేలడానికి ఇంచుమించు రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఎంత నునుపైన తలమైనా పరమాణువుల లెక్కలో చూస్తే అంతా గుట్టలూ లోయలే. ఒక కొండల వరుసమీద మరొకటి బోర్లించినట్లు శిఖరాలు మాత్రమే తాకుతాయి. పైనున్న బరువును మోయగలిగేంతవరకు ఆ శిఖరాలు నలిగి చదునవుతాయి. అంటే నిజంగా తాకే చోటు బరువునుబట్టి ఉంటుందిగాని, ఇటుక ఏ ముఖంమీద ఉందన్నదానినిబట్టి కాదు. ఇంగ్లండులో బౌడెన్, టేబర్ అనే శాస్త్రజ్ఞులు దీనిని చక్కగా వివరించారు.

అయితే ఒకే ఒక్క శిఖరాన్ని విడిగా పట్టుకుని దాని ఘర్షణను కొలవగలమా? 1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ పరమాణు బల సూక్ష్మదర్శినిని తయారుచేశాక అది సాధ్యమయింది. ఇందులో కటకాలతో చూడడమంటూ లేదు, తడిమి తెలుసుకోవడమే! పలుచని స్ప్రింగు రేకు చివర ఒక సూదికొన ఉంటుంది. దానిని తలంమీద ఈడుస్తారు. రేకు వీపుమీద లేసరు కిరణం పడి పరావర్తనం చెందుతుంది. ఎండలో అద్దం పట్టుకుని గోడమీద వెలుగు ఆడించారుగా? చెయ్యి కొంచెం తిరిగితే గోడమీది వెలుగు ఎంతో దూరం గెంతుతుంది. ఇక్కడా అంతే. రేకు పైకి వంగితే వెలుగు ఒకవైపు, ఘర్షణవల్ల మెలిపడితే మరోవైపు జరుగుతుంది. గ్రాములో కోటోవంతు బరువు ఎంతో, ఒక నానోన్యూటను సుమారు అంత. అంతకంటే చిన్న బలాలను కూడా ఈ పద్ధతిలో కొలుస్తారు.

1987లో అమెరికాలోని ఐ.బి.ఎం. ప్రయోగశాలలో మేట్, ఆయన సహచరులు టంగ్‌స్టన్ సూదిని గ్రాఫైటుమీద ఈడ్చారు. (వారు వాడిన ఏర్పాటు కొంచెం వేరు, తీగ వంపును కాంతి వ్యతికరణంతో కొలిచారు.) ఘర్షణ ఒకే తీరుగా ఉంటుందనుకుంటే పొరపాటే. రంపపు పళ్లలాగ బలం పెరగడం, ఠక్కున పడిపోవడం, మళ్లీ పెరగడం! పన్నుకూ పన్నుకూ మధ్య దూరం సుమారు 0.25 నానోమీటరు. గ్రాఫైటులో పరమాణువుల అమరిక పునరావృతమయ్యే దూరం సరిగ్గా అదే. సూది ఒక గుంటలో చిక్కుకుని, లాగగా లాగగా పక్క గుంటలోకి దూకుతోందన్నమాట. నల్లబల్లమీద సుద్దముక్క కీచుమనడానికి కారణం కూడా ఇలా ఆగి జారడమే.

ఇక అసలు చిక్కు. కొలిచే సూదే అరిగిపోతే కొలతను ఎలా నమ్మడం? ఐ.బి.ఎం. వారే 2008లో ప్రకటించిన ఒక ప్రయోగంలో సిలికాన్ సూదికొనను ప్లాస్టిక్‌వంటి పాలిమర్ తలంమీద 750 మీటర్ల దూరం ఈడ్చారు. అరిగింది ఎంతో తెలుసా? సగటున మైక్రోమీటరు దూరానికి ఒక్క పరమాణువు! లెక్కవేస్తే మొత్తం 75 కోట్ల పరమాణువులు. ఇన్నింటిని కుప్పపోసినా అది మిల్లీమీటరులో నాలుగువేలోవంతు భుజంగల ఘనం. మన కంటికి ఆనదు. సూది మొద్దుబారిందో లేదో తెలుసుకునే ఒక ఉపాయం, దానిని తలంనుంచి ఊడదీయడానికి ఎంత బలం కావాలో చూడడం. మొద్దుకొన గట్టిగా అంటుకుంటుంది.

బరువు రెట్టింపయితే అరుగుదలా రెట్టింపవుతుందనే ఆర్చర్డ్ సూత్రం ఇక్కడ పనిచేయలేదు. పరమాణువును పట్టి ఉంచే బంధాన్ని వేడివల్ల కలిగే కదలిక తెంచుతుంది, ఘర్షణ ఆ పనిని సులువు చేస్తుంది. అందుచేత బలం కాస్త పెరిగినా, పరమాణువు ఊడే అవకాశం అంతకు ఎన్నోరెట్లు పెరగవచ్చు.