పక్క సీట్లో కూర్చోబోయే ముందు

స్కార్‌బరో

చి.ల.సౌ. లలితకు మామయ్య ఆశీస్సులు.

వేసవికి విండ్సర్ వదిలి ఇక్కడికి వచ్చేస్తున్నారనీ, నువ్వు డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు తీసుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచన. పెళ్లయి కొత్తగా వచ్చిన మన ఆడపిల్లలు ఆడవాళ్ల దగ్గరైతేనే నేర్చుకుంటామని అడుగుతుంటారు. కాబట్టి పని దొరకదన్న బెంగ లేదు. నా బెంగల్లా, బండి బాగా నడుపుతాను గనక నేర్పడం కూడా వచ్చినట్టేననుకుంటావేమోనని.

కాగితాల సంగతి పెద్ద కష్టమేమీ కాదు. 21 ఏళ్లు నిండాలి, పూర్తి జీ లైసెన్సు వచ్చి నాలుగేళ్లయి ఉండాలి, ట్రాఫిక్ తప్పులకు పడే డీమెరిట్ పాయింట్లు మూడు దాటకూడదు. పోలీసు రికార్డు చూస్తారు. ఒంటారియో రవాణా శాఖ ఆమోదించిన ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసి, రాత పరీక్ష, కళ్ల పరీక్ష, రోడ్డు పరీక్ష పాసవ్వాలి. దీనికి తోడు టొరంటో నగరం లైసెన్సు వేరే ఉంది. 1998లో స్కార్‌బరోని టొరంటోలో కలిపేశారు కదా, ఆ తలనొప్పి మనకీ తగిలింది. మన దేశంలో 1989 నాటి నిబంధనల ప్రకారం డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడికి పదో తరగతి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, వాటితో పాటు మోటారు మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలి. ఇక్కడ ఇంజను గురించి నిన్నెవరూ అడగరు, నీ నడవడి ఎలాంటిదో చూస్తారు.

కోర్సులో చేరేముందు ఒక్కటే ప్రశ్న అడుగు: నేర్చుకునేవాళ్ల పక్కన నన్ను ఎన్ని గంటలు కూర్చోబెడతారు? సూటిగా జవాబు రాకపోతే, ఎంత చవకైనా చేరకు.

పరీక్షకు సరిపడా నేర్పితే చాలు, తొందరగా కానివ్వండి అనడం ఇప్పుడు మరీ ఎక్కువైంది. కొత్తవాళ్లకు 40 గంటల కోర్సు ఉంటుంది. అందులో 20 గంటలు పాఠాలు, అవీ ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైనే. రోడ్డు మీద 10 గంటలు. ఆ సర్టిఫికెట్ ఉంటే నేర్చుకునేవాళ్ల జీ1 లైసెన్సు నుంచి తర్వాతి మెట్టు జీ2 పరీక్షకు ఏడాదికి బదులు 8 నెలలు ఆగితే చాలు. ఆశంతా ఆ నాలుగు నెలల మీదే. "గంటలు ఎలాగోలా రాసెయ్యండి ఆంటీ" అని బతిమాలతారు. చుట్టాలైనా సరే, కూర్చోని గంటకు సంతకం పెట్టకు. 2022లో జీ పరీక్షలోంచి పారలల్ పార్కింగ్, మూడు మలుపుల టర్నూ తీసేశాక "అది అడగరు కదా" అనడం కూడా మొదలైంది. పోర్ట్ యూనియన్ పరీక్ష కేంద్రం చుట్టూ ఉన్న వీధులను బట్టీ పట్టించే బేరం కూడా వస్తుంది. ఒప్పుకోకు.

అందరికన్నా కష్టం మన దేశంలో ఏళ్ల తరబడి నడిపి వచ్చినవాళ్లతో. అక్కడి ఆర్టీవో నుంచి అనుభవ పత్రం తెచ్చుకుంటే కొందరు నేరుగా జీ పరీక్షకే వెళ్లవచ్చు. స్టీరింగ్ తిప్పడం వాళ్లకు నేర్పక్కర్లేదు, చూడటం నేర్పాలి. మార్కమ్ రోడ్డు, ఎల్స్‌మియర్ కూడలిలో ఎడమకు తిరగడమే తీసుకో. పచ్చ లైటు పడగానే కొంచెం ముందుకు జరిగి ఆగమను. ఎదురు బళ్లు ఖాళీ అయ్యేదాకా చక్రాలు నిటారుగా ఉండాలి. ముందే ఎడమకు తిప్పి పెట్టుకుంటే, వెనకనుంచి ఎవడైనా గుద్దినప్పుడు బండి నేరుగా ఎదురు వరసలోకి పోతుంది. ఆ తర్వాత దాటుతున్న మనుషుల్ని చూడమను. ఇవన్నీ కూడలికి చేరకముందే చెప్పెయ్యాలి, లోపలికి వెళ్లాక నోరు మెదపకు. కారణాలు తెలుగులో విడమరచి చెప్పు గానీ, "టర్న్ లెఫ్ట్" లాంటివి ఇంగ్లీషులోనే అను. పరీక్షాధికారి నోట వాళ్లు వినేది అదే.

నేర్పే కార్లో నీ వైపు కూడా ఉండే, నీ కాలి కింద బ్రేకు విషయం. నువ్వు తొక్కితే, తొక్కానని వెంటనే చెప్పు. చెప్పకపోతే బండి తన వల్లే ఆగిందనుకుని అవతలి మనిషి సంబరపడతాడు. ఊరికే తొక్కుతూ ఉన్నా ప్రమాదమే, బ్రేకు నీ బాధ్యత అనుకుంటాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జీ1 వాళ్లు 401 లాంటి హైవే ఎక్కకూడదు, పక్కన లైసెన్సున్న ఇన్‌స్ట్రక్టర్ ఉంటే తప్ప. కన్నతండ్రి పక్కనున్నా కుదరదు. ర్యాంపు మీద వేగం పెంచి, భుజం మీదుగా చూసి, ట్రక్కుల మధ్య కలవడం వాళ్లకు మొదటిసారి చూపించేది నువ్వే. ఆ పాఠం చివరి రోజుకి నెట్టెయ్యకు. చలికాలం రాకముందే ఒకసారి, మంచు పడ్డాక ఇంకోసారి తీసుకెళ్లు.

సొంత కారుకు రెండో బ్రేకు పెట్టించే ఖర్చు ఇప్పుడే వద్దు. ముందు ఏదైనా స్కూల్లో చేరి ఒక శీతాకాలం గడుపు. వచ్చేటప్పుడు నీ డ్రైవర్ రికార్డు కాపీ తెచ్చుకో. రెండేళ్ల కిందట స్పీడు టికెట్ పడిందన్నావు, దాని పాయింట్లు ఇంకా ఉన్నాయేమో చూడాలి. మా బేస్‌మెంటు ఖాళీయే, అద్దె మాట ఎత్తావంటే అత్తయ్య ఊరుకోదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య